ఐసు మీద ఉప్పు

సుబ్రహ్మణ్యం మాస్టారు ఆదివారం పొద్దున్న కాఫీ తాగి చనిపోయారు.

ఏలూరులో ఆయన్ని ఎరగని వాళ్ళు తక్కువ. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి చెప్పి రిటైరైన మనిషి. పొద్దున్నే కాలవగట్టు మీద వాకింగు, ఆ తర్వాత అలవాటైన హోటల్లో ఫిల్టర్ కాఫీ, పేపరు. ఆ రోజు ఎదురు కుర్చీలో ఎవరో కొత్తాయన కూర్చుని, మర్యాదగా రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోయాడు. మాస్టారు పేపరు మూడో పేజీ తిప్పి, మెల్లగా తల వాల్చేశారు. నిద్రపోతున్నారనుకుని సర్వరు ఆయన మీదికి ఫ్యాను తిప్పాడు.

డాక్టరు గుండెపోటన్నాడు. ఊరు నమ్మింది. ఆయన భార్య శేషారత్నం గారూ నమ్మారు. నమ్మనిది ఒక్క ఇంటెలిజెన్స్ విభాగమే. ఎందుకంటే మాస్టారు చాలా ఏళ్ళుగా ఈ జిల్లాల్లో ఆ విభాగానికి కళ్ళూ చెవులూ. ఆయన తాగిన గ్లాసు రహస్యంగా హైదరాబాద్ ల్యాబ్‌కి చేరింది. రిపోర్టు చూసి అక్కడి కెమిస్టులే కంగారుపడ్డారు. నీళ్ళలో ససేమిరా కలవని విషం ఒకటి ఆ కాఫీలో హాయిగా కలిసిపోయి ఉంది. అడుగున మడ్డి లేదు. వాసన లేదు. రుచి కూడా లేదని మాస్టారు గ్లాసు ఖాళీ చెయ్యడమే చెబుతోంది.

మంగళవారం మధ్యాహ్నం ఏజెంట్ అనిరుధ్ ఏలూరులో ఒక తివాచీల షాపులోకి వెళ్ళి, ఎర్ర అంచు తివాచీ ఉందా అని అడిగాడు. కౌంటర్లో మనిషి ఎర్ర అంచు నెయ్యడం మానేశామండీ అన్నాడు. అయితే మానేసిందే చూపించండి అన్నాడు అనిరుధ్. ఇంత తెలివితక్కువ మాటలు ఎవరి చెవిన పడ్డా అనుమానం రావాలి. కానీ విభాగం కోడ్‌వర్డ్‌లు ఎప్పుడూ ఇలాగే ఏడుస్తాయి. వెనక గది తలుపు తెరుచుకుంది.

లోపల చుట్టేసిన తివాచీ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని చీఫ్ గంగాధరరావు కూర్చున్నాడు. ఆయనకి సైన్సంటే గిట్టదు. స్లైడ్లు చూస్తూ బట్టీపట్టిన పాఠంలా అప్పచెప్పాడు. మంచి మంచి మందులు చాలావాటికి ఒకటే జబ్బు, అవి నీళ్ళలో కరగవు. ఇటుకపొడిలా కడుపులోకి వెళ్ళి ఇటుకపొడిలాగే బయటికొస్తాయి. తాడేపల్లిగూడెంలో ఒక చిన్న రీసెర్చ్ కంపెనీ దీనికో దారి కనిపెట్టింది. మందుని కంటికి ఆననంత సన్నగా, నానో సైజుకి నూరి, ఒక్కో రేణువుకీ పల్చటి కొవ్వు పొర తొడిగింది. ఆ పొర ఉంటే మందు నీళ్ళలో కలుస్తుంది, రక్తంలోకి పోతుంది, ఏ మందూ సులువుగా దాటలేని మెదడు గుమ్మం కూడా దాటుతుంది. మెదడులో గడ్డలొచ్చిన పసిపిల్లల కోసం చేసిన పని అది.

"అదే పొర విషానికి తొడిగారు. ముందుగా మన మాస్టారి మీదే టెస్ట్ చేశారు" అన్నాడు గంగాధరరావు.

చేసింది ఒక విదేశీ ముఠా. ఇక్కడ దాని మనిషి పేరు విక్టర్. రెండు పాస్‌పోర్టులు, మూడు భాషలు. రొయ్యల చెరువుల కన్సల్టెంటునని చెప్పుకుని కొల్లేటి ఒడ్డున గెస్ట్‌హౌస్ తీసుకున్నాడు. మొదట అతనికి ఆ పొర పదార్థం కొద్దిగా శాంపిల్ అందింది. దానితో చేసిన విషం చిన్న సీసాడు అతని జేబులోనే తిరుగుతోంది. ఇప్పుడు అసలు బ్యాచ్, మూడు వయల్స్, దేశం దాటబోతున్నాయి. వాటిని వాళ్ళ ల్యాబ్‌లో విప్పి చూస్తే ఇక ఎంత కావాలంటే అంత తయారు చేసుకుంటారు. ఎవరి కాఫీకీ భరోసా ఉండదు.

"వాటిని ఫ్రిజ్ చల్లదనంలోనే మోసుకెళ్ళాలి. వేడెక్కినా పాడే, గడ్డకట్టినా పాడే. గడ్డకడితే రేణువులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయట. మళ్ళీ కరిగించినా మిగిలేది ఇటుకపొడే. అందుకని ఐసు పెట్టెల్లో, చేపల లారీలో పంపుతున్నారు. వింటున్నావా?"

"ఊఁ" అన్నాడు అనిరుధ్.

వినలేదు. స్లైడ్ మీద ఫోటో చూస్తున్నాడు. ఏదో పెద్ద హోటల్ పార్టీలో విక్టర్ పక్కన పట్టుచీరలో, నల్లకళ్ళద్దాలు జుట్టు మీదికి తోసుకుని నవ్వుతున్న ఒకావిడ. ఆ రేణువులు తయారు చేసిన సైంటిస్టూ ఆవిడే, వాటిని విక్టర్‌కి అమ్ముతున్నదీ ఆవిడే. పేరు మనోజ్ఞ. తాడేపల్లిగూడెంలో కిరాణా హోల్‌సేల్ సుబ్బయ్య గారి అమ్మాయి. మూడేళ్ళ కిందటిదాకా అనిరుధ్ భార్య.

ఇద్దరూ మాస్టారి శిష్యులే. అర్చకుల అబ్బాయి, కోమట్ల అమ్మాయి. రెండిళ్ళలోనూ ససేమిరా అంటే మాస్టారే ద్వారకా తిరుమల తీసుకెళ్ళి, పెద్దగా నిలబడి పెళ్ళి చేయించారు. తను కస్టమ్స్ ఆఫీసులో పని చేస్తున్నానని అనిరుధ్ ఆమెకి చెప్పాడు. ఆమె నమ్మినట్టే ఉండేది. ల్యాబ్ నుంచి వచ్చి వంట చేసి, వడ్డించి, రోజూ ఒకే ప్రశ్న అడిగేది, ఉప్పు సరిపోయిందాండీ అని. ఆయన గారు ఫోన్లోంచి తల ఎత్తకుండా ఊఁ అనేవాడు. ఎక్కువైనా ఊఁ, తక్కువైనా ఊఁ. ఒకరోజు ఆమె పప్పుగిన్నె కింద పెట్టి, నాకు ఇంతకంటే పెద్ద బతుకు కావాలండీ అని చెప్పి సూట్‌కేసుతో వెళ్ళిపోయింది. దానికీ ఊఁ అన్నాడు, అంతే. వెనకాల వెళ్ళలేదు. ఆ తర్వాత ఎంత ఏడిచాడో ఎవరికీ చెప్పలేదు.

గంగాధరరావు ల్యాప్‌టాప్ మూసేశాడు. లారీని హైవే మీద దెందులూరు దగ్గర ఆపాలి, లోడు పోనివ్వకూడదు. విక్టర్ సంగతి గన్నవరం ఎయిర్‌పోర్టులో తను చూసుకుంటాడు. ఇంకొక్క మాట. ముఠా లోపల మాస్టారు తన మనిషినొకరిని పెట్టారు. కోడ్‌నేమ్ పరజ. కొల్లేటికి వచ్చే పిట్ట పేరు. అది ఎవరో మాస్టారు చీఫ్‌కి కూడా చెప్పలేదు, ఆ రహస్యం ఆయనతోపాటే కాలిపోయింది.

"ఎవరో నీకు తెలిస్తే ఆ మనిషిని ప్రాణాలతో బయటికి తీసుకురా" అన్నాడు గంగాధరరావు.

బస్టాండు దాకా నడుస్తూ అనిరుధ్ కంపెనీ వాచ్‌మన్ మొదలుకుని విక్టర్ వంటమనిషి దాకా అందరినీ అనుమానించాడు. భార్య మీద కోపం ఉన్న మగవాడికి ఆవిడ పేరు తప్ప ఊళ్ళో అందరి పేర్లూ తడతాయి.

గురువారం తెల్లారేసరికి అతను కొల్లేటి ఒడ్డున అబ్బాయిరాజు గారి ప్యాకింగ్ షెడ్డులో, చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్ల మెకానిక్కు. నెత్తికి తువ్వాలు, మోచేతుల దాకా గ్రీజు, మాసిన గడ్డం. చొక్కా గుండీలో కెమెరా, చేతి వాచీలో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు, జేబులో చింతపిక్కంత ట్రాకరు. అబ్బాయిరాజు గారికి ఇవేవీ తెలియవు, పాపం. ముందు టిఫిన్ తినండి మేస్త్రీ, మోటారు ఎక్కడికీ పోదు అని కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టించాడు.

షెడ్డులో పని జోరుగా సాగుతోంది. ఒకవైపు ఐసు దిమ్మలు మిషన్లో పిండవుతున్నాయి. ఇంకోవైపు శీలావతి, కట్ల చేపలు పెట్టెల్లోకి వెళ్తున్నాయి. దగ్గర ఊళ్ళకి వెళ్ళే లోడుకి ఉత్త ఐసే. హౌరా దాకా వెళ్ళే లోడైతే మాత్రం ఐసు మీద కళ్ళుప్పు చల్లుతారు. ఉప్పు పడితే చల్లదనం ఇంకా కిందికి దిగి చేప రాయిలా బిగుసుకుంటుంది. ఈ షెడ్డులో అది ఏళ్ళ తరబడి అలవాటు.

తెల్లకారు వచ్చి ఆగింది. వెనక సీట్లో విక్టర్ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, మూడు వయల్స్ ఒక్కొక్కటే పైకెత్తి లేజర్ పెన్నుతో చూశాడు. పల్చటి నీలపు ద్రవంలో ఆకుపచ్చ గీత అటునుంచి ఇటు తిన్నగా సాగింది. రేణువులు అతుక్కోలేదు, సరుకు బ్రహ్మాండంగా ఉందన్నమాట. తల ఊపి, వయల్స్ స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చి, చేపల కంపు భరించలేక అద్దం ఎత్తేసుకున్నాడు.

డబ్బా పట్టుకుని మనోజ్ఞ దిగింది. ఆ బురదలో ఆ చీరతో, ఆ చెప్పులతో, షెడ్డులో పనివాళ్ళంతా చేతులాపి చూశారు. అనిరుధ్ కూడా చూశాడు. కొంచెం చిక్కింది. చూడకూడదనుకుని మళ్ళీ చూశాడు.

ఆమె ఒక పెట్టెలో చేపల మధ్యన డబ్బా ఇమిడ్చి, పైన ఐసు పోయించింది. తర్వాత బస్తాలోంచి తనే కళ్ళుప్పు తీసి గుప్పిళ్ళతో చల్లింది. చాలమ్మా, ఎక్కువైపోద్ది అని అబ్బాయిరాజు గారు అంటున్నా, హౌరా కదండీ, పడనివ్వండి అంటూ ఇంకా వేసింది. అమ్ముకునే సరుకు మీద ఎంత శ్రద్ధో అనుకున్నాడు అనిరుధ్.

ఆమె చేతులు దులుపుకుని తిరిగి వెళ్తూ, ఏరేటర్ ముందు గొంతుక్కూర్చున్న మెకానిక్ దగ్గర ఆగింది.

"మేస్త్రీ గారూ, ఉప్పు సరిపోయిందాండీ?"

గడ్డం, గ్రీజు, తువ్వాలు, ఏవీ ఆమెని మోసం చెయ్యలేదు. అనిరుధ్‌కి అది అవమానంగా తగిలింది. ఇంత చేసి, ఇక్కడ నిలబడి, ఆ పాత మాటతో ఎగతాళి కూడానా. పానా బిగిస్తూ, మొహం ఎత్తకుండా జవాబు చెప్పాడు.

"ఊఁ."

ఆమె అబ్బాయిరాజు గారికి వినపడేలా, "ఈ పెట్టెని దారిలో ఎవరూ తెరవకూడదండీ. దాని మానాన దాన్ని పోనివ్వాలి" అని చెప్పి కారెక్కింది.

తెరవకూడదట. తెరిచి చూపిస్తాను అనుకున్నాడు మన హీరో.

దెందులూరు దాటాక బ్రేక్ ఇన్‌స్పెక్టర్ల యూనిఫారాల్లో విభాగం మనుషులిద్దరు లారీని ఆపారు. డ్రైవరు కాగితాలు వెతుకుతున్నట్టు నటించాడు. క్లీనరు చాటుగా ఫోను చేశాడు. వాడు విక్టర్ మనిషి. ఫోను లాక్కునేలోపు అవతల ఎత్తేశారు, లారీని ఆపేశారన్న మాట చేరిపోయింది. లారీకి అంటించిన ట్రాకరు చూసుకుంటూ వెనకే జీపులో వచ్చిన అనిరుధ్ అదేమీ పట్టించుకోలేదు. ఒక్కొక్క పెట్టే దింపి, ఆ పెట్టె మూత పీకాడు.

వాచీలో థర్మామీటరు మైనస్ ఏడు చూపించింది.

పాడైందేమోనని వాచీని తట్టాడు. మళ్ళీ మైనస్ ఏడే. డబ్బా మూత తీస్తే మూడు వయల్సూ తెల్లగా రాళ్ళలా గడ్డకట్టి ఉన్నాయి. ఒకటి తీసి అరచేతిలో పట్టుకున్నాడు. మెల్లగా కరిగింది. పైన నీళ్ళు తేరుకున్నాయి, అడుగున మడ్డి దిగింది. విరిగిన పాలలా ఉంది.

గడ్డకడితే పాడే. మళ్ళీ కరిగించినా మిగిలేది ఇటుకపొడే. తివాచీ షాపులో చెవిన పడి బుర్రలోకి ఎక్కని మాట ఇప్పుడు హైవే మీద వినపడింది. ఐసు ఒక్కటే అయితే ఇవి బతికుండేవి. ఉప్పు పడ్డాకే చచ్చాయి. విక్టర్ లేజర్ వేసి చూసుకున్నాడు కాబట్టి సరుకుని ముందే పాడుచెయ్యడానికి లేదు. చూసుకున్నాక, దారిలో, ఎవరికీ అనుమానం రాకుండా పాడవ్వాలి. పెట్టె సరిహద్దు దాటి ముఠా ల్యాబ్ చేరి పనికిరాదని తేలితే తప్పు ఎవరిదవుతుంది? చేపల షెడ్డు అలవాటుదవుతుంది. ఇక్కడి వాళ్ళంతా ఐసు మీద ఉప్పు చల్లుతారు, అంతే. ఆమె మీదికి ఏ మాటా రాదు.

పరజ మనోజ్ఞే.

దాని మానాన దాన్ని పోనివ్వాలి. ఆ మాట అబ్బాయిరాజు గారికి కాదు, తనకి. ఉప్పు మాట ఎగతాళి కాదు, మెసేజ్. లోకంలో ఒక్క మనిషికి తప్ప ఎవరికీ అర్థం కాని మెసేజ్, ఆ ఒక్క మనిషే వినలేదు. ఆ పెట్టెలో ఏముందో తెలిసినవాళ్ళు ఇద్దరే, విక్టరూ ఆమే. లారీ ఆగిందంటే పట్టిచ్చింది ఎవరో విక్టర్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు.

జీపు కొల్లేటి వైపు తిరిగింది. గంగాధరరావుకి ఫోను చేస్తే మనుషులంతా ఎయిర్‌పోర్టులో ఉన్నారు. గెస్ట్‌హౌస్ దగ్గర ఒక్కడు కూడా లేడు.

గెస్ట్‌హౌస్ వరండాలో టేబుల్ మీద రెండు కాఫీ గ్లాసులున్నాయి. ఒకటి నిండుగా, ఒకటి ఖాళీ. మనోజ్ఞ కుర్చీలో వెనక్కి వాలి ఉంది. ఎదురుగా విక్టర్ ఒకసారి ఆమెనీ, ఒకసారి వాచీనీ చూసుకుంటూ కూర్చున్నాడు. రేవులో మోటారు పడవ సిద్ధంగా ఉంది. జీపు చప్పుడు వినగానే లేచి పరిగెత్తాడు. పడవ కదిలింది. అవతల గుర్రపుడెక్క మధ్యలోకి దూరితే ఉప్పుటేరు మీదుగా సముద్రం దాకా ఎవరూ పట్టుకోలేరు. అనిరుధ్ రేవు చివరి నుంచి కాల్చాడు. గుండు మోటారుకి తగిలి పడవ గిర్రున తిరిగింది. విక్టర్ జేబులోంచి సీసా తీసి నీళ్ళలోకి విసరబోయాడు. అనిరుధ్ నీళ్ళలోకి దూకి ఆ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకున్నాడు. సీసా మూత అప్పటికే సగం ఊడి ఉంది. అందులో ఇంకా ఎన్ని ప్రాణాలు తియ్యడానికి సరిపడా ఉందో తర్వాత ల్యాబ్ వాళ్ళు చెబితే గంగాధరరావు చాలాసేపు కాఫీ ముట్టుకోలేదు.

తనతో జీపులో వచ్చిన ఇద్దరు మనుషులకి విక్టర్‌ని అప్పగించి, ఆమెని ఎత్తి జీపు వెనక సీట్లో పడుకోబెట్టి, తల తన ఒళ్ళో పెట్టుకున్నాడు. డ్రైవరు ఏలూరు రోడ్డు పట్టాడు.

"తెరిచేశారా?" అంది మనోజ్ఞ.

"తెరిచేశాను."

"అడిగాను కదండీ. ఊఁ అన్నారు. అర్థమైందనుకున్నాను." కొంచెం నవ్వింది. "కారెక్కాక గుర్తొచ్చింది, మీ ఊఁ సంగతి."

విషమని తెలిసి ఎందుకు తాగావని అడిగాడు. రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

ఆమె ఆగి ఆగి చెప్పింది. ఫోను వచ్చాక వాడు ఒక్క మాట కోప్పడలేదు. లోపలికి వెళ్ళి తనే కాఫీ కలిపి తెచ్చాడు. అంత మర్యాద ఎన్నడూ చెయ్యలేదు, అందుకే తెలిసింది. "వద్దంటే నన్ను కాల్చేసి అప్పుడే పడవెక్కేసేవాడండీ. తాగితే ఎలా పనిచేస్తుందో చూడ్డానికి కూర్చుంటాడు. సీసా వాడి జేబులోనే ఉంది. మీరు వచ్చేదాకా కూర్చోబెట్టాలి కదా."

"వస్తానని ఎలా తెలుసు నీకు?"

"పెట్టె తెరిస్తే మీకే తెలుస్తుంది. తెలిస్తే రాకుండా ఉండరు."

విరుగుడు చెప్పమని బతిమాలాడు. లేదంది. గుమ్మం దాటించే పొర చేసింది కానీ, దాటిందాన్ని వెనక్కి తెచ్చేది ఇంకా చెయ్యలేదంది. మొదటి శాంపిల్ ఇమ్మన్నది మాస్టారే, వాడికి నమ్మకం కుదరాలని. దాన్ని ఆయన కాఫీలోనే పోస్తాడని అనుకోలేదని చెబుతూ ఏడ్చింది. ఇల్లు వదలమన్నదీ ఆయనే. కస్టమ్స్ ఆఫీసరు పెళ్ళాం దగ్గరికి ముఠా రాదు. ఆ కస్టమ్స్ ఆఫీసు ఎలాంటిదో కూడా మాస్టారు అప్పుడే చెప్పారట.

"ఆ రోజు మీరు ఎందుకని ఒక్క మాట అడుగుతారేమోనని, వీధి చివర ఆటోలో చాలాసేపు కూర్చున్నానండీ. అడిగుంటే మొత్తం చెప్పేసేదాన్ని. అడక్కుండా ఊరుకుని, నా పని చెడగొట్టకుండా, మీరే దేశాన్ని కాపాడారు."

ఆమె చేతుల మీద ఇంకా ఉప్పు చారలున్నాయి. అనిరుధ్ తువ్వాలుతో తుడవబోతే వద్దంది.

"కంపెనీ ఫ్రిజ్‌లో మందుతో చేసిన ఇంకో బ్యాచ్ ఉంది. వాడికి చెప్పలేదు. దాంట్లో చక్కెర కలిపాను, అది గడ్డకట్టినా పాడవదు. పిల్లలకి ఇప్పించండి."

"ఊఁ."

"ఊఁ అనకండి. ఇప్పిస్తానని చెప్పండి."

"ఇప్పిస్తాను. ఇప్పిస్తాను మనోజ్ఞా."

ఆ మాట ఆమెకి వినపడిందో లేదో అతనికి ఇప్పటికీ తెలియదు. ఏలూరు ఇంకా రాలేదు. రోడ్డుకి రెండు వైపులా చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి.

మిషన్ సక్సెస్ అని గంగాధరరావు రిపోర్టు రాశాడు. లోడు పట్టుబడింది, ముఠా దొరికింది, ఏజెంట్‌కి ప్రశంసాపత్రం సిఫారసు చేశారు. సుబ్బయ్య గారికి మాత్రం కూతురు ల్యాబ్ ప్రమాదంలో పోయిందని చెప్పారు. నిజం చెప్పే అధికారం ఎవరికీ లేదట. చక్కెర కలిపిన బ్యాచ్‌ని అనిరుధ్ తనే దగ్గరుండి హాస్పిటల్‌కి చేర్పించాడు. పనిచేస్తుందో లేదో తెలియడానికి టైము పడుతుందన్నారు. ఫరవాలేదండీ, నేను కనుక్కుంటూ ఉంటాను అన్నాడు. ప్రతి సోమవారం ఫోను చేస్తున్నాడు. చెప్పింది మొత్తం వింటున్నాడు.

మాస్టారు పోయి నెల తిరిగాక ఒక మధ్యాహ్నం శేషారత్నం గారింటికి వెళ్ళాడు. ఆవిడకి ఏదీ తెలియదు, మనోజ్ఞ పోయిన సంగతి కూడా. ఎండన పడి వచ్చావు, భోంచెయ్యకుండా ఎలా పంపిస్తానని కూర్చోబెట్టి, ఏదో పరధ్యానంలో వండింది తెచ్చి వడ్డించారు. అమ్మాయి ఎలా ఉంది అని అడగబోయి, విడిపోయారన్న సంగతి గుర్తొచ్చిందేమో, మాట మార్చారు.

"పప్పులో ఉప్పు సరిపోయిందా నాయనా?"

అనిరుధ్ ఫోను తీసి పక్కన పెట్టాడు. ముద్ద నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి, తల ఎత్తి ఆవిడ మొహం చూస్తూ చెప్పాడు.

"సరిపోయిందండీ. చక్కగా సరిపోయింది."

ఆ రోజు పప్పులో శేషారత్నం గారు ఉప్పు వెయ్యడమే మర్చిపోయారు.